మొఖం అతనిది

పొయ్యి మీద చాయ పొంగేలోపు శ్రీదేవి మొగుణ్ణి మూడుసార్లు లేపింది. ఐదున్నరకల్లా వార్డు ఆఫీసు ముందు ఇస్రాయేలు తన మొఖం ఫోనుకు చూపాలి. చూపితే హాజరు పడుతుంది. హాజరు పడితే అతని డ్యూటీ అయిపోయినట్టే. వచ్చి మళ్ళీ ముసుగు తన్నుతాడు. ఆ తర్వాత రెండువందల పది ఇండ్ల చెత్త ఎత్తేది ఆమె.

సఫాయి నౌకరి అసలు అత్తది. అత్త మంచం పట్టినప్పటి నుంచి చీపురు శ్రీదేవే పట్టింది. ముసలామె పోయేముందు కొడుకు పేరు రాయించింది. "మొగోని పేరు మీదుంటేనే నౌకరికి ఇజ్జత్ బిడ్డా. నువ్వెట్లైనా చేస్తనే ఉంటవు గద" అంది. ప్రేమగానే అంది. అదే ఎక్కువ మండుతుంది శ్రీదేవికి. తిట్టి ఉంటే ఎదురు తిట్టేది.

రెండేండ్ల కింద ఊరిని స్మార్టు చేస్తామని ప్రతి తలుపుకూ గీతల బిళ్ళ అంటించారు. చెత్త తీసుకోగానే ఆ బిళ్ళను ఫోనుతో స్కాన్ చేస్తే ఆఫీసు గోడ మీది తెరలో ఆ ఇల్లు పచ్చబడుతుంది. హైదరాబాదు సార్లు వచ్చి చూసి, "ఈ ఇస్రాయేలు ఒక్క ఇల్లు తప్పడే!" అని మెచ్చుకున్నారట. ఒకసారి అతను మీసం తీసేస్తే ఫోను రెండు రోజులు హాజరు వెయ్యలేదు. "నా మొఖం నాదంటె నమ్ముతలేదే!" అని ఇల్లంతా ఎగిరాడు. రెండు రోజులకే అంత బాధయింది అతనికి. శ్రీదేవి అంట్లు తోముకుంది.

ఆ పొద్దున ఎవరో తడి చెత్తలో సీసపెంకులు కలిపి ఇచ్చారు. అరచెయ్యి చీలిపోయింది. నెత్తురు వేలితో ఎంత నొక్కినా ఫోను పలకలేదు. ఇంతలో సూపర్వైజర్ నవీన్‌కుమార్ కాల్ వచ్చింది.

"అక్కా, మూడిండ్లు ఇంకా ఎర్రగున్నయి, ఏమైంది?"

"చెయ్యి తెగింది సారూ, నెత్తురాగుతలేదు."

నవీన్‌కుమార్ గొంతు తగ్గించాడు. "దవాఖానకు ఇస్రాయేలును తోల్కపో. జర చూసి చెప్పుండ్రి అక్కా, రికార్డుల నువ్వు లేవు."

బండి మీద దవాఖానకు పోతున్నంతసేపూ ఇస్రాయేలు వెనక్కి తిరిగి అదే పాఠం చెప్పాడు. "ఇంట్ల గలాసు పలిగిందను. పని కాడ అన్నవో, నీతోని చేయిస్తున్నరని బయటపడ్తది." చెయ్యి నొస్తుందా అని ఒక్కసారీ అడగలేదు. అతని భయం అబద్ధం కాదు. కిరాయి, బియ్యం, పిల్ల కాలేజీ, అన్నీ ఆ నౌకరి మీదే నడుస్తున్నాయి. చెప్తే ఏం పోతుందో అతనికంటే ఆమెకే బాగా తెలుసు.

నర్సు కుట్లు వేసి చీటీ ముందుకు లాక్కుంది. "ఏం పని చేస్తవమ్మా? ఎట్ల తెగింది?"

ఇస్రాయేలు ముందే అందుకున్నాడు. "ఏం పని లేదు మేడం, ఇంట్లనే ఉంటది. గలాసు పలిగి..."

ఏం పని లేదు. పదకొండేండ్ల పొద్దులు ఆ మూడు మాటల్లో పడిపోయాయి.

"సఫాయి పని చేస్తమ్మా" అంది శ్రీదేవి. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. "పదకొండేండ్లాయె. చెత్త తీస్తుంటె సీసపెంకు కోసింది. గట్లనే రాయి."

ఇస్రాయేలు మొఖం పాలిపోయింది. "నౌకరి పోతదే!"

శ్రీదేవి కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుంది. కండ్లనిండా నీళ్ళు, అయినా నిదానంగానే అడిగింది:

"ఎవలిది?"