ఎర్ర బిళ్ళ

మాన్సీని చూస్తే థోరాకి ఒళ్ళు మండిపోతోంది. అక్క కొడుకు, తన చేతుల మీద పెరిగినవాడు కాబట్టి ఊరుకుంది గానీ, పరాయివాడైతే ఈపాటికి చెడామడా దులిపేసేది. ద్వీపానికి టూరిస్టు ఓడలు రావడం మొదలయ్యాక వీడు మందిరం కమిటీకి పెద్దయ్యాడు. అమ్మకానికి మేరీమాత రూపంలో సబ్బులు, "ఖైదీ భోజనం" పేరుతో రేకు డబ్బాలో మాంసం, ఈ వేసవికి కొత్తగా ఖైదీ కోట్లు. తొడుక్కుని ఫోటో దిగొచ్చట!

రెండో ప్రపంచ యుద్ధంలో పట్టుబడ్డ ఇటలీ సైనికులు రెండు రేకుల షెడ్లు జత చేసి కట్టుకున్న చిన్న ప్రార్థనా మందిరం అది. లోపల రేకు మీద రాతి గోడలు దించినట్టు గీసినవాడు ఎత్తోరే అనే ఖైదీ. అతని కూతురు ఓర్నెల్లా, డెబ్భై ఏళ్ళ మనిషి, ఇవాళే వస్తోంది. "మీ నాన్నగారి పని అలాగే ఉంది, ప్రశాంతంగా చూసుకోవచ్చు, రండి" అని ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి పిలిచింది థోరాయే. ఆ మాట నిలబడాలంటే ముందు వీణ్ణి ఆపాలి.

"ఒరేయ్, ఆవిడ ఉన్నంతసేపూ ఆ కోట్లు లోపల పెట్టెయ్."

"ఎందుకు పిన్నీ? కుట్టింది నువ్వేగా! నీ పనితనం చూసి మురిసిపోతుంది."

అదీ నిజమే. ఒక పాత కోటు ముందు పెట్టుకుని పన్నెండూ తనే కుట్టింది. పాతదాని వీపు మీది ఎర్ర బిళ్ళని పైన అతికించలేదు. కోటు గుడ్డనే గుండ్రంగా కత్తిరించి, ఆ కంతలో ఎర్రగుడ్డ బిగించి కుట్టారు. అదేదో పటాలం గుర్తనుకుని ముచ్చటపడి, తనూ అలాగే చేసింది.

ఓర్నెల్లా చేతికర్ర పోటేసుకుంటూ వచ్చింది. గుమ్మం చేరకముందే మాన్సీ ఆమె భుజాల మీద కోటు వేసేశాడు.

"ఖైదీ కూతురు ఖైదీ కోటులో! ఏదీ, ఇటు చూసి నవ్వండమ్మా!"

ఆమె నవ్వలేదు. కోటు తీసి, వెనక్కి తిప్పి, బిళ్ళని బొటనవేలితో తడిమింది.

"ఎవరు కుట్టారు?"

"నేనేనండీ," అంది థోరా కాస్త గర్వంగానే. "అచ్చం పాతదానిలాగే."

"అవును, అచ్చం అలాగే. పైన కుడితే పీకి పారేసి పారిపోతారని ఇలా బిగించేవాళ్ళట. పారిపోయేవాణ్ణి కాల్చడానికి గురి అండీ ఇది. నాన్న ముసలాడయ్యాక కూడా ఎవర్నీ తన వెనక నడవనిచ్చేవాడు కాదు."

కోటు మడిచి థోరా చేతుల్లో పెట్టి, ఒక్కతే లోపలికి వెళ్ళింది.

థోరాకి మాన్సీ మీద కన్నా తన వేళ్ళ మీదే ఎక్కువ రోత పుట్టింది. మూడు వారాలు రేడియో వింటూ, టీ తాగుతూ, మనుషుల వీపులకి గురి కుట్టింది! కత్తెర తీసుకుని పన్నెండు బిళ్ళలూ కోసి పారేసింది. తీరా చూస్తే ప్రతి వీపులోనూ గుండ్రంగా కంత. ఎర్రగుడ్డ పోయింది గానీ గురి పోలేదు.

ఈలోగా టూరిస్టుల బస్సు వచ్చింది. మాన్సీ ఒక కోటు ఎత్తి చూశాడు. అరుస్తాడనుకుంటే, వాడి మొహం వెలిగిపోయింది.

"అబ్బ! ఇది ఇంకా బావుంది పిన్నీ. తూటా దూసుకుపోయినట్టుంది!"

బస్సు దిగిన ఒక లావుపాటాయనకి తొడిగాడు. పక్కవాడు ఆ కంతలో వేలు పెట్టి "ఢాం!" అన్నాడు. లావుపాటాయన నాలుక బయటపెట్టి గోడకి జారగిలబడ్డాడు. అందరూ విరగబడి నవ్వారు.

థోరా మందిరం తలుపు మూసి, తన దగ్గరుండే తాళం వేసి, అడ్డంగా నిలబడింది.

"తియ్యి పిన్నీ, ముప్పైమంది టికెట్లు కొన్నారు."

"లోపల మనిషుందిరా."

"ఉంటే? ఆవిడొక్కతిదా మందిరం?"

"థూ! నీ మొహం చూస్తేనే అసహ్యమేస్తోంది. పో అవతలికి!"

"ఈ సంగతి కమిటీలో పెడతా. తాళంచెవి లాగేసుకుంటారు."

"రేపు లాక్కోండి. ఆవిడ చాలనేదాకా ఇది తెరుచుకోదు."

మాన్సీ గొణుక్కుంటూ పోయాడు. థోరా తలుపుకి చెవి ఆనించింది. లోపల చేతికర్ర చప్పుడు ఒక్కో గోడ దగ్గరా ఆగుతూ, మెల్లగా పీఠం వైపు వెళ్తోంది.

ఇటు ఇంకెవడో కోటు తొడుక్కున్నాడు. "ఢాం!" అన్న కేక రేకుల మీద ఖంగుమంది.

లోపల చేతికర్ర చప్పుడు ఆగిపోయింది.