గవరయ్య జబ్బ

గునపం మొన మీద కొబ్బరికాయను గుచ్చి, గవరయ్య బరువంతా ఆనించి పక్కకు తిప్పాడు. పీచు చిర్రుమంది గాని విడలేదు. ఊపిరి తీసుకుని మళ్లీ గుచ్చి తిప్పాడు. ఈసారి డొక్క ఊడి కాళ్ల దగ్గర పడింది.

పోర్ట్ బ్లెయిర్ దగ్గరి చౌల్దారీ ఊళ్లో, శివాజీ కొబ్బరి షెడ్డులో ఒకప్పుడు అతను కాయలు ఒలుస్తుంటే, లోడుకొచ్చిన లారీవాళ్లు బీడీ ఆర్పి మరీ చూసేవారు. ఇప్పుడు అతని ఒళ్లు ఇద్దరు మనుషుల్ని తెచ్చి కలిపి కుట్టినట్టుంది. నడుమ గుండ్రంగా ఉబ్బిన పొట్ట. దానికి రెండు వైపులా ఎండుకట్టెల్లాంటి చేతులు. లుంగీ కింద ఎముక తేలిన పిక్కలు. జబ్బ మీద పడుచుతనంలో పచ్చబొట్టు పొడిపించుకున్న తెరచాప పడవ ముడతలుపడి, గాలి తీసేసినట్టుంది.

“భయ్యా, ఆజ్ బస్. ఇవాళ్టికి చాలు, ఇంటికెళ్లు,” అన్నాడు శివాజీ. గవరయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

ఊళ్లో చాలామంది తాగుడు వల్లే ఇలా అయిపోయాడనుకున్నారు. అతను సారా వాసన కూడా చూసినవాడు కాదు. పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో స్కాన్ చూసి డాక్టర్ వాసవి ఆ మాటే ముందు చెప్పింది.

“తాగకపోయినా లివర్‌కి కొవ్వు పడుతుందండీ. మీకు షుగర్ కూడా ఉంది. కండ బరువులెత్తడానికే అనుకుంటాం గాని, రక్తంలో చక్కెరను ఎక్కువగా తీసుకునేది అదే. లివర్ అలిసిపోతే దాని పని కొంత ఈ కండే తన నెత్తిన వేసుకుంటుంది. లివర్ చెడేకొద్దీ కండ కరుగుతుంది. కండ కరిగేకొద్దీ లివర్ ఇంకా చెడుతుంది.”

గవరయ్య తన జబ్బను తడుముకున్నాడు. “అంటే, నాను కాయలొలిసినన్నాళ్లూ ఇది లోపల ఆ పని కూడా సేస్తన్నాదా, డాక్టర్ సాబ్?”

“చేస్తూనే ఉంది.”

తిరుగు బస్సులో అతను కిటికీలోంచి ఒక్కసారి కూడా బయటికి చూడలేదు. ఒళ్లో పెట్టుకున్న రెండు చేతుల్నీ, ఎవరో పెద్దమనుషులు వచ్చి కూర్చున్నట్టు, చౌల్దారీ వచ్చేదాకా చూస్తూనే ఉన్నాడు.

ఆరోజు నుంచి డాక్టరమ్మ చెప్పినట్టు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, ఇసక నింపిన సీసాలు ఎత్తడం మొదలుపెట్టాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. భార్య అప్పలకొండమ్మకు తుంటి విరిగినప్పటి నుంచి కాళ్లు నిలబడవు. రోజూ ఆమెను మంచం మీంచి ఎత్తుకుని పెరట్లోకి తీసుకెళ్లేది అతనే. ఆసుపత్రికి వెళ్లే ముందు, వానలు మొదలైన కొత్తలో ఒకనాడు ఎత్తబోతే మోకాళ్లు వంగిపోయి ఇద్దరూ మంచం మీదే కూలబడ్డారు. అప్పటి నుంచి ఆమె అతన్ని అడగలేదు. కూతురు కళ్యాణి టౌన్లో పనికి వెళ్లి తిరిగి వచ్చేదాకా కదలక్కర్లేకుండా, నీళ్లు తాగడం మానేసింది. పెదాలు పగిలిపోయాయి.

శివాజీ పంపేసిన ఆ రోజు, షెడ్డు నుంచి ఇంటికి వచ్చేసరికి వాన వెలిసింది. అప్పలకొండమ్మ కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది.

“ఒలే, పెరట్లోకి ఎల్దామేటి?”

“వద్దయ్యా. పడిపోతావు. పిల్లని రానీ.”

అతను ఆమె మోకాళ్ల కింద ఒక చెయ్యి, వీపు కింద ఒక చెయ్యి పెట్టాడు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుని అతని మెడ పట్టుకుంది. తొడలు వణికాయి. ఇక లేవలేననుకున్న క్షణాన, ఎక్కడో అడుగు నుంచి బలం నెమ్మదిగా పైకి వచ్చింది. మంచం దూరమైంది. గుమ్మం దాటాడు. వక్క చెట్ల నుంచి చుక్కలు వాళ్లిద్దరి మీదా రాలాయి.

కుర్చీలో కూర్చోబెట్టాక అప్పలకొండమ్మ కళ్లు తెరిచింది. “ఎలాగెత్తీసావయ్యా?”

“నాకేటి తెల్సు? లోపల ఎవుడో ఉన్నాడే. ఆడే ఎత్తినాడు.” గవరయ్య తన అరచేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు. “ఇన్నాళ్లూ ఆడికి తిండి కూడా సరిగ్గా పెట్టలేదు నాను. అయినా పిలిస్తే పలికినాడు సూడు. కమాల్ కదేటి!”

ఆమె నవ్వింది. “నీళ్లు తే,” అంది. చెంబెడు నీళ్లూ ఆగకుండా తాగేసింది.

సాయంత్రం కళ్యాణి వచ్చి, పెరట్లో తల్లిని చూసి నోరెళ్లబెట్టింది. “అమ్మని ఎవరు తెచ్చారు నాన్నా?” అతను మోచెయ్యి మడిచి జబ్బ చూపించాడు. ఆమె నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లి, డాక్టర్ తినమన్న ఉడకబెట్టిన గుడ్లు రెండు గిన్నెలో పెట్టి తెచ్చి ఇచ్చింది.

అతను మెట్టు మీద, భార్య కుర్చీ పక్కన కూర్చుని, ఒక గుడ్డు తిన్నాడు. ఇంకోటి ఒలిచి గిన్నెలోనే ఉంచాడు. చెయ్యి తుడుచుకుని, ఆ చేతిని ఆమె ఒళ్లో పెట్టాడు.

“రేపు రోడ్డు దాకా తీసుకెళ్తావేటి?” అని అడిగింది అప్పలకొండమ్మ.

అతను పలకలేదు. తల గోడకు ఆనింది. కునుకు తీస్తున్నాడనుకుంది. ఇంకా వెలుగు ఉంది. పక్షులు గూళ్లకు చేరే సందడిలో అతని ఊపిరి ఎప్పుడు ఆగిందో ఆమెకు తెలియలేదు. చెయ్యి చల్లబడుతుంటే తెలిసింది.

“కళ్యాణీ,” అని పిలిచింది, గట్టిగా కాదు.

కూతురు పరుగెత్తుకు వచ్చింది. అప్పలకొండమ్మ మాత్రం ఆ చేతిని వదల్లేదు. మణికట్టు నుంచి జబ్బ దాకా, పడవ బొమ్మ మీదుగా, నిమురుతూనే ఉంది. ఇరుగుపొరుగు వచ్చి మెల్లగా విడిపించేదాకా నిమిరింది.

అతన్ని లోపలికి మోసుకెళ్లాక మెట్టు మీద స్టీలు గిన్నె మిగిలింది. అందులో చిటికెడు ఉప్పు, ఎక్కడా గాటు పడకుండా ఒలిచిన తెల్లటి గుడ్డు.