రెండు లెన్సులు, అప్పయమ్మ మొహం

ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో, సుపేలా మెయిన్ రోడ్డు మీద ఫోటో స్టూడియో పెట్టి పదేళ్లయినా గోపాలస్వామి కన్నతల్లిని ఒక్క మంచి ఫోటో తియ్యలేకపోయాడు. చెప్పుకుంటే సిగ్గుచేటు! ఏం చేస్తాడు పాపం, అప్పయమ్మ తల ఎప్పుడూ అడ్డంగా ఊగుతూనే ఉంటుంది. ఎండలో కూర్చోబెడితే కళ్లు నీళ్లు కారతాయి. ఫ్లాష్ కొడితే ఉలిక్కిపడి కళ్లు మూసేస్తుంది. నీడలో తీస్తే మొహం అలుక్కుపోతుంది. అలా అలుక్కుపోయిన మొహాన్ని చూసి చూసి ఆవిడ మనసు విరిగిపోయింది. కెమెరా కనిపిస్తే చాలు, వంటింట్లోకి తప్పుకునేది. అది చూసినప్పుడల్లా కొడుక్కి గుండె కలుక్కుమనేది.

డెబ్బై ఎనిమిదిలో, ఊరెళ్లిపోతున్న ఒక రష్యన్ ఇంజనీరు దగ్గర అతను పెద్ద కన్నున్న లెన్సు కొన్నాడు. మొహాలు తియ్యడానికే పుట్టిన లెన్సు. ఎంత నీడలోనైనా బార్లా తెరుచుకుని వెలుగంతా లాగేస్తుంది, అంచేత రెప్పపాటులో ఫోటో అయిపోతుంది. అక్క మొగుడు నరసింగరావు ఊరుకుంటాడా? రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్ ఆయన, అన్నిటికీ పోటీయే. ఆదివారం పొద్దున్నే తన జపాన్ లెన్సు పట్టుకుని దిగబడ్డాడు.

"ఒరే, నీ రష్యా బండ పూర్తిగా తెరిస్తే అంతా పొగేరా! చలో, ఇవాళ తేల్చీసుకుందాం."

వరండా గోడకి హిందీ పేపరు అంటించారు. రెండు లెన్సులూ పూర్తిగా తెరిచి చెరో ఫోటో తీసి, కడిగి చూశారు. బావ ఫోటోలో మూలనున్న సన్నక్షరం కూడా చదవొచ్చు. గోపాలస్వామిది నడిమి నాలుగు లైన్లే తేలాయి, చుట్టూ వెన్నలా కరిగిపోయింది. బావ మీసం మెలేశాడు.

గుమ్మంలోంచి చూస్తున్న అప్పయమ్మకి ఒళ్లు మండింది.

"పేపరు తలూపుతాదేటిరా? పేపరుకి ఫోటో లేదని ఎవులేడిసినార్రా?"

గోపాలస్వామి కుర్చీ తెచ్చి వరండాలో వేశాడు.

"అమ్మా, ఈ ఒక్కపాలి కూకో. ఇదీ పాడైపోతే ఇంక జన్మలో అడగను."

ఆవిడ కాసేపు గింజుకుంది గానీ, చివరికి కొంగు సర్దుకుని కూర్చుంది. ముందు బావ తీశాడు, తర్వాత కొడుకు. ఇది కూడా పోతే అమ్మ ఇంక కెమెరా ముందుకు రాదని గోపాలస్వామి ప్రాణం పీకుతూనే ఉంది.

డార్క్‌రూములో బావ ఫోటో ముందు తేలింది. చీర అంచు పోగుపోగూ లెక్కపెట్టుకోవచ్చు, మొహం మాత్రం, ఆ లెన్సు చిన్న కన్ను వెలుగు లాగేలోపే తల ఊగి, ఎప్పటిలాగే అలుక్కుపోయింది. గోపాలస్వామి కాగితం మీద ముందు కళ్లొచ్చాయి. తర్వాత ముక్కుపుడక, పెదాలు. చెవులూ కొప్పూ మసకే, పోనిద్దురూ! మొహం నిలబడింది. అతనికి ఏడుపు ఆగలేదు.

"గెలిసీసినావురా బావమరిదీ!" అంటూ నరసింగరావు వీపు మీద ఒక్కటి చరిచాడు.

తడి ఫోటోనే తల్లి చేతికిచ్చారు. ఇన్నేళ్లూ అద్దంలో చూసుకున్నా ఊగే మొహమే కదా ఆవిడకి కనబడింది! కదలకుండా ఉంటే తనెలా ఉంటుందో ఎప్పుడో మరిచిపోయింది. ముక్కు మీద, గెడ్డం మీద వేలు పెట్టి పెట్టి చూసుకుంది.

"ఏటిరా, నాకిన్ని ముడతలొచ్చీసినాయా!" అని పకపకా నవ్వింది. "మూతెందుకలా ముడుసుకున్నాను? ఇంకోటి తియ్యి. ఈపాలి నవ్వుతాను."

కొడుకు ఇంకా రీలు ఎక్కించనే లేదు, ఆవిడ వెళ్లి కుర్చీలో కూర్చుంది.