రెజీనా జెట్టు

గని ఆఫీసులో క్లర్కుగా పనిచేసే రెజీనా, డంపర్ నడిపే అన్న రిచర్డ్‌తో కలిసి ఆరడుగుల రిమోట్ జెట్టును సొంతంగా తయారుచేసింది. బ్యాటరీలతో ఎగిరే ఆ జెట్టును సెలవు రోజు పొద్దున బసంత్‌నగర్ దగ్గరి పాత రన్‌వే మీదికి తెచ్చారు. మొదటిసారి ఎగరడం చూద్దామని కాలనీవాళ్లంతా వచ్చారు.

కొత్త పెద్ద బ్యాటరీల జతను రెజీనా మీటరుతో పరీక్షించింది. ఎంత సమానంగా ఛార్జి చేసినా ఒకదాంట్లో ఓ సెల్లు వోల్టేజి తక్కువే చూపిస్తోంది.

"జరంత తేడానే గద చెల్లె, ఎగరెయ్యి. అందరు చూస్తున్నరు," అన్నాడు రిచర్డ్.

"జోరుగ పోయేటప్పుడు ఆ సెల్లే ముందుగాల కూలబడ్తదన్నా. గాల్లె పవరు పోతే జెట్టు మనకు దక్కది. పాత చిన్నయి పెడ్త. ఎక్కువసేపు ఎగరకున్నా మంచిదే."

చిన్నవాటిలో సెల్లులన్నీ సమానంగానే ఉన్నాయి. కానీ అవి తేలిక కావడంతో ముక్కు పైకి లేచి, తోక కిందికి వాలింది. అన్నాచెల్లెళ్లు రెక్కల కింద వేళ్లు ఆనించి ఎత్తినప్పుడు జెట్టు ముందుకూ వెనక్కూ వాలకుండా నిలిచేదాకా, ఆమె బ్యాటరీలను ముక్కులోకి జరుపుతూనే ఉంది.

జెట్టు ఈల వేస్తూ పరుగెత్తి గాల్లోకి లేచింది. సిమెంటు ఫ్యాక్టరీ వైపు పోయి, ఒరిగి, వెనక్కి తిరిగింది. రెండు చుట్లు తిప్పి రెజీనా దాన్ని మెత్తగా దించింది.

"మా చెల్లె చేసింది!" అని రిచర్డ్ అందరికీ వినబడేలా అరిచాడు.

రెజీనా సిగ్గుపడలేదు. గీత కూడా పడని జెట్టును రెండు చేతులా ఎత్తి అందరికీ చూపించింది.