భుజం కొలత

నా పెళ్లికి మా నాన్న అడ్డుపడ్డాడు. అందుకు ఆయనకు ఈనాటికీ మనసులోనే దండం పెట్టుకుంటూ ఉంటాను. వెటకారం కాదు, నిజంగానే అంటున్నాను. మొదటిరోజే సరేనని తల ఊపి ఉంటే నా పెళ్లయితే జరిగేది గానీ, మా నాన్నెవరో నాకు తెలిసేది కాదు.

మాది బట్టల కొట్టు. కింద మూడు గుమ్మాల కొట్టు, పైన ఇల్లు. నాన్న కళ్లు మూసుకుని గుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపి, అది ఏ మిల్లులో నేసిందో చెప్పేవాడు. ఎప్పుడు చూసినా ఎడమ భుజం మీద మూడు మీటర్ల గుడ్డ మడత వేసుకుని ఉండేవాడు. వచ్చినవాళ్లు అదో షావుకారు దర్జా అనుకునేవారు, నేనూ అలాగే అనుకున్నాను. "మాది తాతల నాటి నుంచీ వ్యాపారమే" అని అందరికీ చెప్పేవాడు. ఆ తాతల ఫోటో ఒక్కటీ ఇంట్లో లేదేమని అడగాలని నాకు ఏనాడూ తోచలేదు.

ఆయనకు ఒకటే కోరిక, మిల్లు ఏజెన్సీ. చుట్టుపక్కల కొట్లవాళ్లంతా ఆ మిల్లు బట్ట కోసం మా గుమ్మం ఎక్కాలి. మిల్లు యజమానికి పెళ్లీడు కొడుకున్నాడు, మా నాన్నకు పెళ్లీడు కూతురుంది. ఇక అడ్డేముంది అనుకున్నాడు. అడ్డం నేనున్నాను.

వీధి చివర ఒంటిగది కొట్టులో కోట్లు కుట్టే దర్జీ ఉండేవాడు. స్నానానికి తప్ప మెడలో టేపు తీయడు కాబట్టి వీధంతా అతన్ని టేపు అనే పిలిచేది. లైనింగు గుడ్డ కోసం మా దగ్గరికి వచ్చేవాడు. వారానికి సరిపడా ఒకేసారి కొనుక్కోవచ్చు కదా, రోజుకో అర మీటరు కొనేవాడు. నేను కోసిచ్చిన అర మీటర్లన్నీ కలిపి కుడితే మా వీధికి పందిరి వేయొచ్చు. ఏడాది గడిచాక ఒకరోజు గుడ్డ అందుకుంటూ, "ఎన్నాళ్లిలా అర మీటర్లు?" అన్నాడు.

"నన్నడిగితే ఏం లాభం? నాన్నని అడుగు" అన్నాను.

అడిగాడు. నాన్న అతన్ని ఏమీ అనలేదు, మర్యాదగానే పంపేశాడు. మేడెక్కి వచ్చాక మాత్రం ఇల్లెగిరిపోయింది.

"దర్జీవాడా? వాడికీ మనకీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత దూరం!"

"మనం అమ్మిన గుడ్డేగా అతను కుట్టేది" అంది అమ్మ, బియ్యం ఏరుతూనే.

"అమ్మేవాడు కుర్చీలో కూర్చుని అమ్ముతాడు. కుట్టేవాడు కాళ్ల దగ్గర వంగి కొలుస్తాడు. అదే తేడా. నా కూతురు వంగేవాడి ఇంటికి వెళ్లదు."

అమ్మ ఆయన వంక ఓసారి చూసి, ఏదో అనబోయి మళ్లీ బియ్యంలోకి తల దించుకుంది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

మా నాన్న పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నేను బతిమాలాను, పోట్లాడాను, చివరికి మాట్లాడటం మానేశాను. నేను నోరు మూసుకుని ఉండటం ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. అమ్మ జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూసింది. ఈలోగా మిల్లాయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే ఆదివారం కొడుకుని వెంటబెట్టుకుని వస్తానని, అన్నీ కుదిరితే ఏజెన్సీ మాట కూడా ఆ రోజే తేల్చుకుందామని రాశాడు.

మిల్లాయన ఇంటి మగవాళ్లు కోటు లేకుండా గడప దాటరట. నాన్నకు కోట్లు లేక కాదు. పెద్దవీధిలో పేరున్న దర్జీలు కుట్టినవి రెండు బీరువాలో వేలాడుతున్నాయి. ఒక్కోటీ ఒక్కసారి తొడుక్కుని, అద్దంలో చూసుకుని, విప్పేశాడు. ఎందుకని అడిగితే "ఉక్కపోస్తుంది" అనేవాడు. చలికాలంలో కూడా అదే మాట.

"కోటు మీ టేపు దగ్గరే కుట్టిస్తాను" అన్నాడు నాతో. "నువ్వూ రా, చూద్దువుగాని."

ఏం చూపించబోతున్నాడో తెలిసే వెళ్లాను. వెళ్లకపోతే భయపడ్డాననుకుంటాడు.

ఆ కొట్టులో ఒక నిలువుటద్దం, కత్తిరింపు బల్ల, ఇస్త్రీ పెట్టె. మూల పీట మీద గుండీలు కుట్టే పెద్దావిడ కూర్చుని ఉంటుంది. వీధిలో అందరూ ఆవిణ్ని గుండీల పెద్దమ్మ అంటారు. నోట్లో నువ్వుగింజ నానదు. టేపు కొలతలు పైకి చెబుతాడు, ఆవిడ పుస్తకంలో రాస్తుంది. ఎవరి పొట్ట ఎన్ని అంగుళాలు పెరిగిందో సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోతుంది.

"ఛాతీ నలభై. నడుము ముప్పై తొమ్మిది" అంటూ కొలిచాడు టేపు. తర్వాత కోటుకు జతగా కుట్టే ప్యాంటు పొడవు కోసం నాన్న బూట్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. నాన్న అతని తల మీదుగా నా వంక చూశాడు. చూశావా, అన్నట్టుగా. చూశాను. నా చెవులు మండిపోయాయి. టేపు మాత్రం అంకెల్ని తప్ప మరి దేన్నీ పట్టించుకోలేదు.

లేచి, "ఆ గుడ్డ తీయండి, భుజం కొలవాలి" అన్నాడు.

"దాని మీదే కొలిచెయ్యి."

"కుదరదండీ" అన్నాడు మెల్లగా.

నాన్న గుడ్డ తీశాడు. టేపు మెడ దగ్గర్నుంచి అటూ ఇటూ కొలిచి, ఎడమ భుజం మీద అరచెయ్యి ఆనించాడు. కాసేపు అలాగే ఉంచాడు. అంకె మాత్రం చెప్పలేదు.

"భుజం ఎంతరా?" అంది పెద్దమ్మ కలం పైకెత్తి.

"అది రాయక్కర్లేదు పెద్దమ్మా. చెయ్యి పొడవు రాసుకో, ఇరవై నాలుగు."

నాన్న అద్దంలోంచే అతన్ని చూసి, గబగబా గుడ్డ మళ్లీ భుజాన వేసుకున్నాడు.

బయటికి వస్తూ నేను వెనక ఆగిపోయి టేపుతో అన్నాను. "ఆ కోటు కుట్టకు. అది వేసుకుని నన్ను వేరేవాళ్లకి ఇచ్చేస్తాడు."

"కుట్టకపోతే చేతకాలేదంటారు. కావాలని పాడుచేస్తే ఇంకెప్పుడూ కత్తెర పట్టుకోలేను" అన్నాడు. తర్వాత తల వంచుకుని, "కుట్టేప్పుడు కుట్టు తప్పుతుందేమో, అదే భయం" అన్నాడు.

శుక్రవారం కోటు తొడిగి చూడటానికి మళ్లీ వెళ్లాం. నాన్న భుజం మీది గుడ్డ తీసి నా చేతికిచ్చి, కోటు వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. నిలబడినవాడు నిలబడినట్టే ఉండిపోయాడు. గుండీలు పెట్టుకోలేదు, కాలరు సర్దుకోలేదు. అద్దంలో రెండు భుజాలూ గీత గీసినట్టు సమానంగా ఉన్నాయి.

మూల నుంచి పెద్దమ్మ అందుకుంది. "భుజం కొలత లేకుండా కోటు ఎట్లా కోశావురా? ఇన్నేళ్లుగా రాస్తున్నా, ఒక్క పేజీలో కూడా భుజం గడి ఖాళీగా లేదు!"

"పెద్దమ్మా, బొగ్గులు అయిపోయాయి, కాసిని తెచ్చిపెట్టవా?" అన్నాడు టేపు. ఆవిడ సణుక్కుంటూ వెళ్లింది.

నాన్న చెయ్యి కోటు లోపలికి పోయి, ఎడమ భుజం కింద తడిమింది. అక్కడ లైనింగు వెనక మెత్తటి దిండులా మడతలు మడతలుగా పెట్టి కుట్టి ఉంది. మా కొట్టు లైనింగు గుడ్డే.

"ఎలా తెలిసింది?" అన్నాడు నాన్న.

"మోసిన భుజం అండీ. మా నాన్నది కూడా ఇలాగే ఒంగి ఉండేది. గూడ్స్ షెడ్డులో బస్తాలు మోసేవాడు."

"ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదండీ. పెద్దమ్మ రాస్తే వీధంతా చదువుతుంది. అందుకే రాయించలేదు."

"మా అమ్మాయికి?"

"అమ్మాయిగారికి కూడా చెప్పలేదు."

నేనక్కడే, ఆయన గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ సంగతి ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. నాన్న నా వంక చూడలేదు. కోటు విప్పకుండానే ఇంటికి నడిచాడు. నేను వెనకే వెళ్లాను. దారిలో నాకు ఏడుపొచ్చింది. నా పెళ్లి గురించి కాదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చలి రాగానే అమ్మ ఆయన భుజానికి వేడినీళ్ల కాపడం పెట్టేది, నేను ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు.

ఆదివారం మిల్లాయన వచ్చాడు. పెళ్లికొడుకు మంచివాడే పాపం, బిస్కెట్లు తింటూ గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు. మిల్లాయన కూర్చుంటూనే స్టేషన్లో కూలీ తన పెట్టె కింద పడేశాడని మొదలుపెట్టాడు.

"మోసేవాళ్లకి భుజాలే ఉంటాయండీ, బుర్ర ఉండదు. దేవుడు వాళ్లనలా పుట్టించాడు. ఏమంటారు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడన్నట్టు, నాన్న చెయ్యి తనంతట తానే ఎడమ భుజం మీదికి వెళ్లింది. మిల్లాయన కూడా ఆ చేతి వెంటే చూశాడు.

"అవునూ, అడగడం మరిచాను. ఇరవై ఏళ్లుగా కోట్లు కుట్టించుకుంటున్నా, నాకొక్కటీ భుజం దగ్గర ఇంత చక్కగా కూర్చోలేదు. ఎవరండీ దర్జీ? పెళ్లి కోట్లన్నీ అతనికే ఇచ్చేద్దాం."

తలుపు వెనక అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏజెన్సీ కాగితం బల్ల మీదే ఉంది, మిల్లాయన కళ్లజోడు కింద. నాన్న దాన్ని చూశాడు, కోటు చెయ్యి నిమురుకున్నాడు.

"మా అల్లుడండీ" అన్నాడు.

మిల్లాయన నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. "మీకు ఒక్కతే కూతురన్నారుగా?"

"ఒక్కతేనండీ."

పెళ్లికొడుకు చేతిలో బిస్కెట్టు టీలో పడిపోయింది.

వాళ్లు వెళ్లిపోయారు. ఆ ఏజెన్సీ నెల తిరక్కుండా ఎదురు కొట్టుకు పోయింది. ఇప్పటికీ పొద్దున్నే తలుపు తీయగానే ఆ బోర్డే నాన్నకు ఎదురుగా కనిపిస్తుంది. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తి నన్ను నొప్పించలేదు. ఆ ఒక్కదానికైనా ఆయన కాళ్లు కడిగి నెత్తిన చల్లుకోవాలి.

ఆ రోజు వాళ్ల బండి మలుపు తిరగ్గానే నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. "పద్నాలుగో ఏట మొదలుపెట్టాను, పదకొండేళ్లు మోశాను" అన్నాడు. "మోసిన బస్తాల్లో గుడ్డ తానులు కూడా ఉండేవి. అలాగే తెలిసింది ఏ మిల్లుది ఏదో. నీకు చెప్పకపోవడం తప్పే. నువ్వు తల ఎత్తుకుని తిరగాలని అనుకున్నానమ్మా."

"ఎత్తుకునే తిరుగుతున్నాను నాన్నా. ఇవాళ ఇంకాస్త ఎక్కువ" అన్నాను. అమ్మ, "ముప్పై ఏళ్లు నా నోరు నొక్కారు గదండీ" అంటూ కళ్లు తుడుచుకుని కాపడానికి నీళ్లు పెట్టింది.

పెళ్లినాడు నాన్న కోటు వేసుకోలేదు. భుజం మీద గుడ్డా లేదు. ఉత్త చొక్కాతో వచ్చాడు. అందరూ భోజనాలకు లేచాక నాన్న గుండీల పెద్దమ్మను వెంటబెట్టుకుని టేపు కొట్టుకి వెళ్లి, పుస్తకం తెరవమన్నాడు. వెనకే వెళ్లిన నేనూ టేపూ గుమ్మంలో ఆగాం.

"నా పేజీ తియ్యి. ఆ ఖాళీ గడిలో రాసుకో. ఎడమ భుజం, అంగుళమున్నర కిందికి. బస్తాలు మోసినందువల్ల."

"ఇదీ రాయాలా షావుకారూ?" అంది ఆవిడ కలం పట్టుకుని.

"రాయి. గట్టిగా చదువు కూడా."

ఆవిడకు ఇంకొకరు చెప్పాలా? సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. నాన్న ఆ సాయంత్రం భుజం మీద ఏమీ లేకుండా వీధి ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు నడిచాడు.