డబ్బారాయుని ముందరి పీట

వర్షర్తువు నీలమేఘపరివారముతో నిష్క్రమింపగా శరల్లక్ష్మి ప్రవేశించి ఏలేటిగట్టున రెల్లుపూవుల వింజామరలు వీచుచు నిర్మలాకాశమున తెలిమబ్బుల ముగ్గులు పెట్టుచు పెద్దాపురపు పెంకుటిండ్లపై పసిడివన్నె సాయంతనాతపమును పరచుచుండెను. అది మహర్నవమి. పేరంటమునకు పిలువవచ్చిన పడుచుల కాలియందెల రవళి వీధివీధిని వినవచ్చుచుండెను. ఇంటింట బొమ్మలకొలువులు తీరియున్నను ఊరివారి చూపులన్నియు ఆ యేడు భ్రమరాంబ యింటిమీదనే యుండెను. ఏలయన ఆమె కొలువుముందర డబ్బారాయుడు నిలిచియుండెను.

డబ్బారాయుడనగా మరమనిషి. అతని యుదరము సొట్టలు పడిన నూనెడబ్బా, శిరస్సు చిల్లుపడిన సత్తుచెంబు, కర్ణయుగళము తేనీరు వడపోయు జల్లెడలు, బాహువులు విరిగిన గొడుగుచువ్వలు, మీసము అరిగిన పండ్లబ్రష్షు. భ్రమరాంబ యింటి అటుకమీద ఇరువదియేండ్లు అజ్ఞాతవాసము చేసిన ఆటలారీ చక్రములును డోలు వాయించు కోతిబొమ్మ మెడయు అతని దేహమున యథోచితస్థానముల నలంకరించెను. అతని ముందర నొక పీట. ఎవ్వరు దానిపై అడుగిడినను క్రింది త్రాడు కదలి డబ్బారాయుడు తలవంచి మీసమల్లార్చి కుంకుమ నించిన గరిటెచేతిని ముందునకు చాచును. ఇంతటి మర్యాద తెలిసిన పురుషుడు ఆ వీధిలో మరియొకడు లేడని ఆడువా రనుకొనుచుండిరి.

ఈ విచిత్రరూపమును నిర్మించినది ఎదురింటి చెల్లాయమ్మ. ఆమె భర్త వీరభద్రముగారు గడియారములు బాగుచేయుటలో అసమానప్రజ్ఞుడు. ఆయన ప్రక్కన కూర్చుండి పనిముట్లందించుచునే ఆమెయు ఆ విద్యను గ్రహించెను. ఆయన పోయి పదునొకండేండ్లయ్యెను. అది మొదలు పేరంటమునాడు చెల్లాయమ్మ పెరటిద్వారమున వచ్చి వంటింట పులిహోర కలుపుటయే గాని సావిడిలో కూర్చుండుట లేదు. ఎన్నడైన నటు వచ్చినను కుంకుమభరిణ ఆమెకడకు రాగానే త్రోవ తప్పినదానివలె ప్రక్కకు తిరిగిపోవుచుండెను. ఆ బాధ నామె ఒక్క భ్రమరాంబకు తప్ప నెవ్వరికిని చెప్పియుండలేదు.

భ్రమరాంబయు నామెయు ఒక్కబడిలో ఓనమాలు దిద్దినవారు, ఒకరినొకరు వదినాయని పిలుచుకొనువారు. శ్రావణమాసమున ఇరువురును అటుకమీది చెత్తను దించి బూజు దులుపుచుండగా చెల్లాయమ్మకు ఈ యూహ తోచెను.

"మనిషి పెడితే తప్పు గానీ, మర పెడితే తప్పేవుంది వదినా? ముత్తైదువెవరో కానిదెవరో దానికి తెలీదుగా" అని యామె నవ్వుచు ననెను. ఆ నవ్వు వెనుకనున్న దప్పిక భ్రమరాంబ గ్రహింపకపోలేదు.

"నవమినాడు అందరి ముందూ పీటెక్కుదువుగాని. ఎవరేవంటారో నేను చూస్తాగా. నామీద ఒట్టు" అని చేతిలో చేయి వైచెను.

ఆ మాట యాధారముగా చెల్లాయమ్మ రెండునెలలు రేకులు కత్తిరించి చువ్వలు వంచి వ్రేళ్లు కోసికొని శ్రమించెను. అన్నియు సమకూడినను డబ్బారాయునికి ప్రాణము లేకుండెను. అప్పుడామె భర్త తలదాపున నుండిన అలారము గడియారమును తెచ్చి క్షణకాలము చెవి కానించి విని పిదప విప్పి దాని స్ప్రింగును తీసి డబ్బాలో బిగించెను. ఆయనతో పోయిన కుంకుమను ఆయన గడియారమే తిరిగి యిచ్చునని యామె యాశ. నమ్మి చెడినవారు లేరని పెద్దలందురు. ఆ పెద్దలు పేరంటములకు వెళ్లియుండరు.

మహర్నవమి సాయంకాలమున చెల్లాయమ్మ మీగడవన్నె పట్టుచీర గట్టి పదునొకండేండ్ల తరువాత మొదటిసారి వీధిగుమ్మమున ప్రవేశించెను. సావిడి నిండ ముత్తైదువలు. ఒక్కొక్కరే పీటయెక్కి డబ్బారాయుని మీసపుటల్లార్పునకు కిలకిల నవ్వుచు కుంకుమ నద్దుకొనుచుండిరి. భ్రమరాంబ కుమార్తెకు అత్తగారు కాబోవు కాకినాడ యిల్లాలు నడుమ కుర్చీలో ఆసీనురాలై యుండెను. చెల్లాయమ్మ వరుసలో నిలిచి తన వంతు రాగా పాదమెత్తెను. కాకినాడ యిల్లాలు ఆమె నొసటివంక చూచి మొగము త్రిప్పుకొనెను.

అంతే. భ్రమరాంబ చటుక్కున వంగి పీటను ప్రక్కకు లాగెను. చెల్లాయమ్మ పాదము వట్టినేలపై పడెను.

అయితే పీటతోడ త్రాడును కదలెను. డబ్బారాయుడు తన్ను నిర్మించిన యామెకు తలవంచి మీసమల్లార్చి కుంకుమచేతిని చాచెను. ఎవరో పసిపిల్ల చప్పట్లు కొట్టెను. చెల్లాయమ్మ వ్రేలు సగము లేచెను. అంతలో భ్రమరాంబ తన యరచేతితో ఆ గరిటెను మూసి యెవ్వరి మొగమును చూడక పలికెను.

"వదినా, లోపల పులిహోర పొట్లాలు కట్టాలి. కాస్త చూడవూ?"

చెల్లాయమ్మకు ఆ కాకినాడ యిల్లాలిపై కోపము రాలేదు. లోకము మొగము త్రిప్పుకొనుట ఆమెకు క్రొత్త గాదు. నామీద ఒట్టని పలికిన నోరే పొట్లములు కట్టుమని పలుకగా విని నమ్మించి గొంతు కోసినదిగదా యని యామె కుమిలిపోయెను. ఆ బాధ వైధవ్యముకంటె బరువుగా నుండెను. కన్నీరు మాత్రము రాలేదు. మర మొరాయించినచో పనికివచ్చునని కొంగున ముడివైచుకొని తెచ్చిన చిన్న స్క్రూడ్రైవరును తీసి డబ్బారాయుని వెనుక కూర్చుండి తలుపురేకు విప్పి స్ప్రింగును చేతిలోనికి తీసికొనెను. దానిని భ్రమరాంబకు చూపెను.

"డబ్బా నీది, చెంబు నీది, లారీ చక్రాలూ నీవే వదినా. ఇది మా ఆయనది."

భ్రమరాంబ గుమ్మమువరకు వెంట వచ్చి "అపార్థం చేసుకోకే వదినా, పిల్ల సంబంధం..." అని నసిగెను. మూసిన యామె యరచేయి యంతయు ఎర్రబడియుండెను.

"మరలో తప్పేవీ లేదు. పీట లాగెయ్యచ్చని నాకు తోచలేదంతే" అని చెల్లాయమ్మ వచ్చిన వీధిగుమ్మముననే వెడలిపోయెను.

మరునాడు విజయదశమి. కొలువెత్తునపుడు ఒక బొమ్మను పరుండబెట్టుట ఆచారము. చెల్లాయమ్మ తన కిటికీకడ కూర్చుండి మరల కూర్చిన గడియారమునకు కీ యిచ్చుచుండగా ఎదురింటి సావిడిలో భ్రమరాంబ డబ్బారాయుని చాపపై పరుండబెట్టుట కానవచ్చెను. యంత్రమునకు మనుష్యులయెడ భేదబుద్ధి లేదు, దాని ముందరి పీటను లాగుటకు మనుష్యుడే కావలయును. తుప్పుపట్టిన గొడుగుచువ్వ యెంత వంచినను వంగలేదు. భ్రమరాంబ కొంతసేపు పెనగి తుదకు దానిపై నొక తువాలు కప్పి లోనికి పోయెను. తువాలు క్రింద ఆ చేయి చాచినది చాచినట్లే యుండెను.