తీపి బిళ్ళలు

“నొక్కితే టిక్కుమనడమే గానీ ఒక్క బిళ్ళా రాలదేంటే? కాఫీలో పంచదార బదులు వేసుకునే బిళ్ళలు, మొన్ననేగా అబ్బాయి కొత్త డబ్బా తెచ్చాడు!” పదకొండింటి కాఫీ గ్లాసు పట్టుకుని శ్యామలాంబ వంటింటి గుమ్మంలో నిలబడింది. కోడలు హారతి స్టవ్ దగ్గర నుంచి తల తిప్పలేదు. అత్తగారి కళ్ళు గిన్నెలు తోముతున్న పనిమనిషి పాపాయమ్మ మీద పడ్డాయి. “నీ టీలో గానీ వేసుకుంటున్నావా?”

“అయ్యో, నాకెందుకండి అమ్మగారూ? పంచదార లేకపోతే టీయే దిగదండి నాకు.”

“మరి డబ్బాకి కాళ్ళొచ్చాయా? రేపట్నుంచి రావద్దులే.”

హారతికి నోట్లో ఇంకా ఆ బిళ్ళల తీపే ఉన్నట్టనిపించింది. అయినా కూర కలుపుతూనే ఉండిపోయింది. తన మీద తనకే రోత పుట్టింది.

ఆర్నెల్ల క్రితం డాక్టర్ తబిత ఆమెకి షుగరుందని మందులు రాసింది. ఆ చీటీని హారతి బీరువాలో చీరల కింద దాచేసింది. పాలకొల్లు బజారులో బట్టల కొట్టు నడిపే మొగుడు ఉదయభాస్కర్, పక్కింటావిడకి షుగరొస్తే “ఇంట్లో కూర్చుని తింటే రాదా మరి!” అని నవ్వినవాడే. ఇంట్లో కూర్చోవడమట! అందుకే మందులు కొనకుండా, షుగరుకి అవే చాలనుకుని అత్తగారి బిళ్ళలు దొంగిలిస్తూ వచ్చింది, పూటకి రెండు. పంచదార మానేశాను కదా అని లోలోపల మురిసిపోయింది. ఆ ధీమాతోనే అందరూ తిన్నాక మూడింటికి అడుగూబొడుగూ అన్నం ఊడ్చుకుని, పారేయలేక మిగిలిన స్వీట్లూ తినేది. నిన్న పరీక్ష చేయిస్తే షుగర్ ఇంకా పెరిగింది. బిళ్ళల సంగతి విని, “అది మందు కాదమ్మా. నాలుకకి తీపి, అంతే. ఏళ్ళ తరబడి వాడితే బరువు తగ్గుతారన్న నమ్మకం కూడా లేదు. అవునూ, మీరు రోజూ ఎన్నింటికి తింటారు?” అంది తబిత. పెళ్ళయ్యాక ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. హారతికి ఏడుపొచ్చింది. ఏడ్చినందుకు మళ్ళీ సిగ్గేసింది.

ఇప్పుడు పాపాయమ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, చెప్పులు వేసుకుంటోంది.

“తీసింది నేనండి అత్తయ్యగారూ,” అంది హారతి. “నాకూ షుగరుంది.”

శ్యామలాంబ నివ్వెరపోయింది. “అడిగితే ఇవ్వనా? ఈ దొంగతనమెందుకే?”

“బిళ్ళ అడగడానికి కాదండి. నాకు ఒంట్లో బాగాలేదని చెప్పుకోవడానికి సిగ్గేసింది.”

శ్యామలాంబ గ్లాసు గట్టు మీద పెట్టేసింది. “సరేలే, జరిగిందేదో జరిగింది. అబ్బాయి భోజనానికొచ్చే వేళవుతోంది, ముందు వంట చూడు.”

హారతి స్టవ్ కట్టేసింది.

“వంట ఆగుతుందండి. ముందు పాపాయమ్మకి మనిద్దరం క్షమాపణ చెప్పుకోవాలి. రండి.”